మన 20 కిలోల ప్లేటు నిజంగా ఎంత?

(విజయనగరంలో మా వీధి జిమ్ము నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల పవర్ లిఫ్టింగ్ పోటీకి వెళ్లి వచ్చిన ఏడుగురికి ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో చిన్న సన్మానం చేశాం. అక్కడ మాస్టారు మాట్లాడిన మాటల్ని ఫోనులో రికార్డు చేసి, రాలేకపోయిన వాళ్ల కోసం టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం. పోటీకి వెళ్లిన వాళ్ల పేర్లు రాయొద్దని మాస్టారే అన్నారు.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డ కుర్రాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. జిమ్ములో అద్దం ముందు చోటు కోసం తోసుకుంటారు, మీటింగంటే గోడకి జారబడతారు. రండి రండి.

నాకు శాలువా కప్పారు. వద్దన్నా కప్పారు. ఈ ఉక్కపోతలో శాలువా ఏమిటండీ బాబూ. తీసి కుర్చీ మీద పెడుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోకండి. సన్మానం వీళ్లది. ఏడుగురు వెళ్లారు, ఆరుగురు ఇక్కడ ఉన్నారు. ఏడో ఆయన ఆటో నడుపుతాడు, మీ అందరికీ తెలుసు. ఇవాళ పెళ్లి కిరాయి ఉందట, దింపేసి వచ్చేస్తానన్నాడు.

ఎన్ని పతకాలు వచ్చాయి, ఎన్ని పతకాలు వచ్చాయి అని అందరూ అడుగుతున్నారు. పొద్దున్నే పాలబ్బాయి కూడా అడిగాడు. రెండు వచ్చాయి. ఒక వెండి, ఒక కంచు. చెప్పేశాను కదా, ఇక ఆ సంగతి వదిలేద్దాం. నేను చెప్పాలని వచ్చింది వేరే. నేను 22 ఏళ్ల నుంచి ఈ జిమ్ము నడుపుతున్నాను. ఈ 22 ఏళ్లూ మీకు ఒక అబద్ధం చెబుతూ వచ్చాను. తెలియక చెప్పాను, అయినా అబద్ధం అబద్ధమే. అది ఎన్ని కిలోల అబద్ధమో కూడా లెక్క తేలింది. చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు వరసలో పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి అసలు ఈ పోటీ ఏమిటో రెండు మాటలు. మనవాళ్లు బరువులు ఎత్తడానికి వెళ్లారంటే అందరూ ‘ఓహో, కరణం మల్లీశ్వరి గారిలాగానా’ అంటారు. ఆవిడది వెయిట్ లిఫ్టింగ్. బరువు తల మీదికి ఎత్తాలి. అది ఒలింపిక్స్‌లో ఉంది. మనది పవర్ లిఫ్టింగ్, ఒలింపిక్స్‌లో లేదు. మనకి మూడు అంశాలు. రాడ్డు భుజాల మీద పెట్టుకుని కిందికి కూర్చుని లేవడం, అది స్క్వాట్. బల్ల మీద వెల్లకిలా పడుకుని రాడ్డుని గుండె దాకా దించి పైకి నెట్టడం, అది బెంచ్ ప్రెస్. నేల మీది రాడ్డు పట్టుకుని నడుం నిటారయ్యే దాకా లేవడం, అది డెడ్ లిఫ్ట్. సంక్రాంతికి మన పల్లెల్లో సంగిడి రాయి ఎత్తుతారు చూడండి, దానికి దూరపు చుట్టం అనుకోండి.

ఒక్కో అంశానికి మూడు ప్రయత్నాలు. మొత్తం తొమ్మిది. మూడు అంశాల్లోనూ ఎత్తగలిగిన ఎక్కువ బరువుల్ని కూడితే టోటల్. ముగ్గురు రిఫరీలు కూర్చుంటారు. ఒకాయన ఎదురుగా, ఇద్దరు చెరో పక్క. సరిగ్గా ఎత్తితే తెల్ల దీపం, తప్పయితే ఎర్ర దీపం. ముగ్గురిలో ఇద్దరు తెల్లది వెలిగిస్తే ఎత్తినట్టు.

ఇంతవరకూ అందరికీ అర్థమైంది కదా? ఇప్పుడు ఒక మెలిక ఉంది. మొదటి ప్రయత్నంలో ఎంత ఎత్తుతామో ముందే మనమే రాసివ్వాలి. రాసిచ్చిన బరువు పెడతారు. ఎత్తలేకపోయాం అనుకోండి, తగ్గించడానికి లేదు. అదే బరువు మళ్లీ ఎత్తాలి, లేకపోతే పెంచాలి. మూడుసార్లూ పోయిందనుకోండి, ఆ అంశంలో సున్నా. ఒక అంశంలో సున్నా వస్తే టోటలే లేదు. మిగతా రెండింట్లో ఆకాశాన్ని మోసినా లెక్కలోకి రాదు. అందుకే ఒంట్లో బాగాలేని రోజున కూడా మూడుసార్లు ఎత్తగల బరువేదో అదే మొదట రాయాలి అంటారు. వినడానికి ఎంత తేలిగ్గా ఉంది! రాసేటప్పుడు చెయ్యి వణుకుతుందండీ. పక్కవాడు ఏం రాస్తున్నాడో అని కళ్లు అటే పోతాయి.

మా ఇంటర్ కుర్రాడి సంగతి చెబుతాను. 17 ఏళ్లు, సబ్ జూనియర్. ఇదిగో, తల దించుకున్నాడు. నాన్నా, నిన్ను తిట్టడం లేదు, తల ఎత్తు. వీడు జిమ్ములో 120 కిలోలతో స్క్వాట్ చేస్తానని చెప్పుకునేవాడు. వీడియోలు కూడా ఉన్నాయి, పాటలు పెట్టి మరీ. పోటీకి నెల ముందు నేను పక్కన నేల మీద కూర్చుని చూశాను. పక్క రిఫరీ కూర్చునే ఎత్తులో కూర్చుని చూశాను. రూలు ఏమిటంటే, తుంటి దగ్గర తొడ మడతపడే చోటు మోకాలి పై అంచు కన్నా కిందికి దిగాలి. వీడెంత దిగుతున్నాడు? బస్సులో సీటు తడిగా ఉంటే కూర్చోబోయి ఆగిపోతాం చూశారా, అంత.

మా తాత తాలింఖానాలో సాము చేసిన మనిషి. ఆయన బస్కీలు తీస్తే తొడ వచ్చి పిక్కకి తగిలేది. దండీలు, బస్కీలు, అంతే. అద్దం లేదు, ఫోను లేదు. సగం బస్కీ తీస్తే వస్తాదు గారి బెత్తం పడేది. మన దగ్గర బెత్తం లేదు, పడకూడదు కూడా. కానీ బెత్తంతో పాటు సగానికి ‘సగం’ అని చెప్పే నోరు కూడా పోయింది. నేను 22 ఏళ్లుగా ‘శభాష్, ఇంకొకటి’ అంటూ నిలబడ్డాను. సరే, వీడిని పూర్తిగా దిగమన్నాను. 120 కాస్తా 95 అయింది. మూడు రోజులు జిమ్ముకి రాలేదు. అలిగాడు. నాలుగో రోజు వచ్చాడు. పోటీలో 85తో మొదలుపెట్టాడు, 97.5 దాకా వెళ్లాడు, తొమ్మిది దీపాలూ తెల్లవే. కంచు వీడిదే. చప్పట్లు తర్వాత కొడుదురు గాని, ఇంకా చాలా ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. ఇది నిరుటి సంగతి. నిరుడు ముగ్గురమే వెళ్లాం. అందులో ఒక కుర్రాడు సెల్ ఫోన్ల దుకాణంలో పని చేస్తాడు. బలమైనవాడు. అప్పుడు వాడి బరువు 76 కిలోల 500. ఈ పోటీల్లో ఒంటి బరువుని బట్టి విభాగాలు. మగవాళ్లలో 66, 74, 83, అలా వెళ్తుంది. 83 విభాగంలో నిలబడితే వాడి కన్నా బలమైన వాళ్లు నలుగురైనా ఉంటారు. 74లోకి దింపితే పతకం ఖాయం. రెండున్నర కిలోలే కదా అనుకున్నాను. ఆ అనుకున్నది ఎవరు? నేను. వాడు ‘అలాగే మాస్టారూ’ అన్నాడు. వాడెప్పుడూ అలాగే అంటాడు.

ముందు రోజు నుంచి మంచినీళ్లు ఆపించాను. రెండు స్వెట్టర్లు వేయించి, అద్దాలు మూసిన కారులో ఎండలో కూర్చోబెట్టాను. ఒక గ్లాసు ఇచ్చి అందులో ఉమ్ముతూ ఉండమన్నాను. నవ్వొద్దు, ఇలా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కాటా మీద 73 కిలోల 850 గ్రాములు వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. బరువు తూచడానికీ పోటీ మొదలవడానికీ మధ్య మహా అయితే రెండు గంటలు ఉంటుంది. ఆ రెండు గంటల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఇడ్లీలు, అరటిపళ్లు, ఏది దొరికితే అది పెట్టాను. ఎండిన చెరువులో బిందెడు నీళ్లు పోసినట్టు. ఒంట్లో నీరు పోవడం ఎంత త్వరగా పోతుందో తిరిగి రావడం అంత త్వరగా రాదు. ఇది ఏ నర్సమ్మని అడిగినా చెబుతుంది. నేను అడగలేదు.

150 రాసిచ్చాను. జిమ్ములో 165 చేసేవాడు కాబట్టి 150 తేలికే అనుకున్నాను. మొదటిసారి కిందికి దిగాడు, లేవలేదు. రెండోసారి లేచాడు గానీ సరిపడా దిగలేదు, మూడు ఎర్ర దీపాలు. మూడోసారి దిగుతుండగా పిక్కలు పట్టేశాయి. పక్కన నిలబడ్డ కుర్రాళ్లు రాడ్డుని పట్టుకోబట్టి సరిపోయింది. లేకపోతే... వద్దు. సాయంత్రం సెలైన్ పెట్టించాల్సి వచ్చింది.

వాళ్లమ్మ గారు రెండో వరసలో ఉన్నారు. అమ్మా, నిరుడు వీడిని మీ ఇంటికి దింపడానికి వచ్చి, ‘ఏం లేదమ్మా, ప్రయాణంలో కాస్త వేడి చేసింది’ అన్నాను. మీరు మజ్జిగ కలిపి నాకు కూడా ఇచ్చారు. వేడి చేయలేదమ్మా. నేను చేశాను. అది మీకు నలుగురిలో చెప్పాలనే ఇవాళ మైకు తీసుకున్నాను.

ఒక్క నిమిషం. నీళ్లు తాగుతాను.

ఆ రోజు ఇంకో సంగతి జరిగింది. తూకానికి ముందు వరండాలో ఎవరో తెలియని పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, ‘ఇంకా కిలో తగ్గాలా? నీరు తీసే బిళ్ల ఉంది, ఇవ్వనా?’ అన్నాడు. ఒక్క క్షణం నేను ఆగాను. తీసుకోలేదు, కానీ ఆగాను. ఆ బిళ్ల బీపీకీ గుండెకీ డాక్టర్లు రాసే మందు, మూత్రం ఎక్కువగా పోయేట్టు చేస్తుంది. ఆటగాడు వాడితే డోపింగే, అంటే నిషేధించిన మందు వాడినట్టే.

అది ఎంత దూరం తీసుకెళ్తుందో మన పక్క ఊరి కథలోనే ఉంది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అందరికీ తెలుసు కదా, ఇంటింటికీ వెయిట్ లిఫ్టర్ ఉన్న ఊరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కంచు పతకం గెలిచింది. మొదటి స్థానంలో నైజీరియా అమ్మాయి. 16 ఏళ్లు. తర్వాత పరీక్షల్లో ఆ అమ్మాయి దొరికిపోయింది. ఒంట్లో ఉన్నది ఏమిటనుకున్నారు? ఈ నీరు తీసే మందులే. బంగారం వెనక్కి తీసుకున్నారు, మన సంతోషి కంచు కాస్తా వెండి అయింది. మనకి సంతోషమే. కానీ ఆ 16 ఏళ్ల పిల్ల చేతికి ఆ బిళ్ల ఎవరిచ్చారు అని నేను చాలాసార్లు అనుకున్నాను. నా వయసు వాడెవడో ఇచ్చి ఉంటాడని నా అనుమానం. తెలియదు, అనుమానం మాత్రమే.

ప్రోటీన్ పౌడరు డబ్బాల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. డబ్బా మీద ఏం రాసి ఉన్నా, లోపల నిషేధించిన మందు కలిసి ఉంటే శిక్ష పడేది తిన్నవాడికే. ‘నాకు తెలియదండీ’ అంటే నాడా వాళ్లు, అదే మన దేశంలో డోపింగ్ పరీక్షలు చేసే సంస్థ వాళ్లు, వినరు. గుడ్లు తినండి, వేరుశనగలు తినండి, చోడి అంబలి తాగండి. అంబలి తాగితే ఏ ల్యాబులోనూ దొరకరు. అంతే, ముందుకు వెళ్దాం.

నిరుడు అలా అయ్యాక ఈ ఏడు ఒకటే నియమం పెట్టుకున్నాను. ఎవరి బరువు ఎంతుంటే అందులోనే నిలబడతారు. గ్రాము కూడా తగ్గించేది లేదు. పొద్దున్నే అందరూ మంచినీళ్లు తాగి, తిని, కాటా ఎక్కాలి. బాగుంది కదా? బాగుంది. దాంతో ఒక పతకం పోయింది.

మా సచివాలయం అమ్మాయి, 63 కిలోల విభాగం. ఎండగా ఉంది కదాని పొద్దున్న అయిదున్నరకి కొబ్బరిబొండం కొట్టించి తాగించాను. వద్దు మాస్టారూ అంటే కూడా తాగించాను. కాటా మీద 62 కిలోల 400. పోటీ అయ్యాక చూస్తే తన టోటల్ 227.5, ఇంకో అమ్మాయి టోటల్ కూడా 227.5. ఇద్దరి టోటల్ సమానమైతే ఏం చేస్తారు? ఒంటి బరువు తక్కువ ఉన్నవాళ్లు గెలిచినట్టు. ఆ అమ్మాయి బరువు 62 కిలోల 100. తేడా 300 గ్రాములు. మూడో స్థానం ఆ అమ్మాయికి, నాలుగు మనకి. వచ్చేటప్పుడు బస్సులో ఈ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎస్.కోట దాటాక నెమ్మదిగా అడిగింది, ‘మాస్టారూ, ఒక కొబ్బరిబొండంలో నీళ్లు ఎన్ని ఉంటాయి?’

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అసలు తప్పు బొండంది కాదు, అది కూడా చెప్పాలి. డెడ్ లిఫ్ట్ చివరి ప్రయత్నానికి 105 చాలు అని నేను రాసిచ్చాను. 107.5 తన చేతిలో ఉంది. అవతలి అమ్మాయి మన తర్వాత వచ్చి టోటల్ సమానం చేసేసింది. ఒక ప్రయత్నం అయిన తర్వాత ఒక్క నిమిషంలో తర్వాతి బరువు చెప్పాలి. ఆ నిమిషంలో అవతలి వాళ్ల టోటల్ చూడాలి, ఒంటి బరువు చూడాలి, మన పిల్ల మొహం చూడాలి. నేను రెండు చూశాను, మూడోది మర్చిపోయాను.

సిడ్నీ ఒలింపిక్స్‌లో కూడా ఇదే లెక్క నడిచింది. 2000 సెప్టెంబరు 19. 69 కిలోల విభాగం. మల్లీశ్వరి గారు స్నాచ్‌లో, అంటే ఒకే ఊపులో తల మీదికి ఎత్తడంలో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, అక్కణ్ణుంచి తల మీదికి ఎత్తడంలో 130, మొత్తం 240. పైన ఇద్దరూ 242.5 దగ్గర సమానం, ఒంటి బరువు తక్కువగా ఉన్న చైనా అమ్మాయికి బంగారం. మల్లీశ్వరి గారు చివరి ప్రయత్నానికి 137.5 అడిగారు, రాలేదు. కంచు వచ్చింది, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ అయ్యారు. ఊసవానిపేట నుంచి బయల్దేరి, ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర నేర్చుకున్న మనిషి. అయినా మనవాళ్లు ఏమంటారు? ‘137.5 ఎందుకు అడిగినట్టు? కాస్త తక్కువ అడిగుంటే బంగారమే కదా!’ నేను కూడా టీ బడ్డీ దగ్గర ఎన్నిసార్లు అన్నానో. ఇప్పుడు అనను. నా చేతిలో 63 కిలోల విభాగం, నాలుగో స్థానం, అదే నా వల్ల కాలేదు.

వెండి సంగతి చెప్పమంటున్నారు వెనక నుంచి. చెబుతాను, చెబుతాను. మన మెయిన్ రోడ్డులో దోసెల బండి అక్క. 44 ఏళ్లు, 40 దాటినవాళ్ల విభాగంలో రెండో స్థానం. ఆ విభాగంలో ఎంతమంది ఉన్నారు? ముగ్గురు. అక్కే చెప్పమంది, ‘దాచకండి మాస్టారూ, ముగ్గురే అని చెప్పండి’ అని. సరే, చెప్పాను. కానీ మన జిల్లాల్లో 40 దాటిన ఆడవాళ్లు ఎంతమంది? అందులో ముగ్గురే వచ్చారంటే, అది వచ్చినవాళ్ల తప్పా?

అక్క జిమ్ముకి ఎందుకు వచ్చింది? నడుం నొప్పి. పదిహేనేళ్లుగా పిండి గిన్నెలు, గ్యాస్ సిలిండర్లు ఎత్తి దించి. మొదట్లో చీరతోనే వచ్చేది, ఒక మూల నిలబడేది. డెడ్ లిఫ్ట్ నేర్పిస్తే, ‘ఇంతేనా? సిలిండర్ ఎత్తడం’ అంది. నిజమే, ఇంతే. తప్పుగా ఎత్తితే నడుం నొప్పి, సరిగ్గా ఎత్తితే పతకం. పోటీకి వస్తావా అక్కా అంటే వస్తానంది. అప్పుడు సింగ్లెట్ చూపించాను. ఒంటికి అతుక్కునే బట్ట, లోపల టీ షర్టు, అది లేకపోతే పోటీలో నిలబడనివ్వరు. అక్క దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, ‘ఇది మా అమ్మాయికి కూడా పట్టదు’ అంది.

పది రోజులు ఆ బట్ట వాళ్లింట్లో బీరువాలో ఉంది. వాళ్లాయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆఖరికి తేల్చింది ఎవరు? అత్తగారు. 70 దాటిన మనిషి, ఇదిగో తలుపు దగ్గర కూర్చున్నారు. ఆవిడ అన్న మాట నాకు అక్క చెప్పింది. ‘నేను చీర మోకాళ్ల పైకి దోపుకుని ముప్ఫై ఏళ్లు ఊడుపులు ఊడ్చాను. గట్టు మీద నిలబడ్డ ఆసామికి రాని సిగ్గు, ఇప్పుడు మీకెందుకొచ్చింది?’ అన్నారట. ఇంట్లో ఇంకెవరూ నోరెత్తలేదు.

డెడ్ లిఫ్ట్‌కి మోకాళ్ల దాకా మేజోళ్లు ఉండాలి, రాడ్డు ముంగాలికి గీసుకుంటుంది కాబట్టి. అక్క వాళ్లబ్బాయి ఫుట్‌బాల్ మేజోళ్లు వేసుకుని వచ్చింది. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. రిఫరీ కిందికి చూశాడు, రంగు గురించి రూలు లేదు కాబోలు, ఊరుకున్నాడు. చివరి ప్రయత్నం 110. రాడ్డు నేల వదిలిన దగ్గర్నుంచి పైకి చేరేదాకా ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఒక దోసె తిరగేసేంత సేపు అనిపించింది. మోకాళ్ల మీద ఒక్క క్షణం ఆగింది. అక్కడ తొడల మీద ఆనించి కుదుపుతూ లాగితే తప్పు, చాలామంది అక్కడే పోతారు. అక్క కుదపలేదు, అలాగే ఉండి, లేచింది. మూడూ తెల్ల దీపాలు. రిఫరీ ‘డౌన్’ అన్నాక కూడా దించలేదు. ‘ఏమిటక్కా’ అంటే, ‘కాసేపు పట్టుకుందామనిపించింది’ అంది.

అదిగో, ఆటో వచ్చింది. రావయ్యా, రా. పెళ్లి భోజనం చేసి వచ్చావా? ఈయన సంగతి ఒక్క మాటలో చెబుతాను. బెంచ్ ప్రెస్‌లో రాడ్డు గుండె మీద కదలకుండా ఆగాక రిఫరీ ‘ప్రెస్’ అంటాడు, అప్పుడే పైకి నెట్టాలి. ఈయన రెండుసార్లు రిఫరీ అనకముందే నెట్టేశాడు. సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడకముందే కదిలే అలవాటు. మూడోసారి ఆగాడు, 85 వచ్చింది. మిగతా ఇద్దరూ మొదటిసారి వెళ్లారు, అన్నీ నెగ్గలేదు గానీ ఎవరికీ సున్నా రాలేదు.

నిరుడు సెలైన్ పెట్టించుకున్న కుర్రాడు ఏమయ్యాడని అడగరేం? ఈ ఏడు 83లో నిలబడ్డాడు. ఒంటి బరువు 78. మొదటి స్క్వాట్‌కి 110 రాయమన్నాడు. జిమ్ములో చిన్న పిల్లలు ఎత్తే బరువది వాడికి. పక్క జిమ్ము వాళ్లు పేపరు చూసి నవ్వారు, నా ఎదురుగానే. నాకు 130 అని దిద్దాలని చెయ్యి పీకింది. దిద్దలేదు. వేదిక ఎక్కాడు, దిగాడు, లేచాడు. కిందికి వచ్చి బెంచీ మీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు. వాడి టోటల్‌కి ఆరో స్థానం వచ్చింది.

ఇప్పుడు నా అబద్ధం దగ్గరికి వస్తాను. దీనికి కారణం ఈ ఆటో ఆయనే. డెడ్ లిఫ్ట్‌లో 140 ఎత్తి దిగి, నా దగ్గరికి వచ్చి, ‘మాస్టారూ, ఈ 140 మన 140 కాదు’ అన్నాడు. టెన్షన్‌లో అలా అనిపిస్తుందిలే అన్నాను. ‘కాదు మాస్టారూ, నేను రోజూ సామాను ఎత్తేవాడిని. ఇది మన 140 కాదు’ అన్నాడు. అక్కడ రాడ్డుకి రెండు వైపులా తగిలించినవి తూచిన ప్లేట్లు. రాసిన బరువుకి, నిజం బరువుకి తేడా 10 గ్రాములు గానీ పావు శాతం గానీ దాటకూడదని రూలు.

పోయిన ఆదివారం మన ప్లేట్లన్నీ ఈయన ఆటోలోనే వేసుకుని పాత ఇనుము కొట్టుకి వెళ్లాం. కొట్టు ఆయన అమ్మడానికి తెచ్చామనుకుని ముందు రేటు చెప్పాడు. కాటా మీద ఒక్కొక్కటి పెట్టాం. 20 అని రాసి ఉన్న ప్లేట్లు ఆరు. అన్నిటికన్నా తక్కువది 18 కిలోల 600. ఎక్కువది 19 కిలోల 400. ఆరూ కలిపి 120 ఉండాలి, 113.4 ఉన్నాయి. 20 కిలోల రాడ్డు, నేనే దగ్గరుండి లేత్ షాపులో చేయించిన రాడ్డు, 17.2. అంటే ఆ ఆరు ప్లేట్లూ రాడ్డూ కలిపి మనం 22 ఏళ్లుగా 140 అంటున్నది 130 కిలోల 600 గ్రాములు. తొమ్మిది కిలోల 400 గ్రాముల అబద్ధం. ఎవరెవరు ఎత్తి, ఎవరెవరికి చెప్పుకుని, ఎవరి పెళ్లిచూపుల్లో చెప్పారో, అందరూ నన్ను క్షమించాలి. ఇక్కడ పెద్దవాళ్లయిన మా పాత శిష్యులు ముగ్గురు కనబడుతున్నారు. బాబూ, మీ రికార్డులు కూడా తగ్గాయి.

కొత్త ప్లేట్లు కొనడానికి ఇప్పుడు డబ్బు లేదు. అందుకని నిన్న రాత్రి నేనూ, మా ఇంటర్ కుర్రాడూ కూర్చుని పాత అంకెలు గీకేసి, ఏ ప్లేటు ఎంతుందో అంతే తెల్ల పెయింటుతో రాశాం. 18.6, 18.9, 19.1, అలా. ఇకనుంచి మీ బరువు మీరే కూడుకోవాలి, లెక్క రానివాళ్లు సచివాలయం అమ్మాయిని అడగండి. పొద్దున్న ఒకడు వచ్చి, ‘మాస్టారూ, రాత్రికి రాత్రి నా బెంచి ఆరు కిలోలు తగ్గిపోయింది, ఏం తినాలి?’ అని అడిగాడు.

టీ, ఉప్మా వెనక ఉన్నాయి. తిన్నాక చూడాలనుకునేవాళ్లు జిమ్ములోకి రండి, తాళం తీసే ఉంది. ప్లేట్ల మీద చేతులు మాత్రం పెట్టకండి, పెయింటు ఇంకా ఆరలేదు.